మొగులయ్య విప్పిన మాట

పొద్దున ఎనిమిది కొట్టేసరికి మొగులయ్య ప్రెస్సు తలుపు తీసి, చెప్పులు బయట విడిచి, చెంబెడు నీళ్లు నేల మీద చల్లేవాడు. దుమ్ము లేచి సీసపు అక్షరాల మీద పడితే అచ్చు మసకగా వస్తుంది. ఆ తర్వాత గోడ మీది మహంకాళి పటానికి దండం పెట్టుకునేవాడు. ట్రెడిల్ మిషన్ తొక్కే సీమోను వచ్చి తన ఏసు పటానికి దండం పెట్టుకునేవాడు. రెండు పటాలూ ఒకే మేకుకు వేలాడేవి. యజమాని రామలింగయ్య వచ్చి చాయ్ చెప్పేదాకా ఇద్దరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు.

లాల్‌దర్వాజాలో అదొక మూసుకుపోయిన గల్లీ. ఒక కొస రోడ్డు మీదికి తెరిచి ఉంటుంది, రెండో కొస మొగులయ్య ఇంటి గోడకు తగిలి ఆగిపోతుంది. నడుమ ఇరవై రెండు ఇళ్లు. రోడ్డు వైపు నుంచి మూడోది ప్రెస్సు. పెళ్లి పత్రికలు, బోనాల కరపత్రాలు, దుకాణాల బిల్లు పుస్తకాలు, దశదినకర్మ కార్డులు అక్కడ అచ్చయ్యేవి.

అక్కడ మొగులయ్య సీసపు అక్షరాలతో పేర్చిన మాట గల్లీలోకి వచ్చేది. పెళ్లి పత్రిక పేరుస్తుంటే వాకిళ్లలో పసుపు వాసన కొట్టేది. బిందెల దుకాణం బిల్లు పేరిస్తే ఇళ్లలో ఇత్తడి దానంతటదే మోగేది. అచ్చు పూర్తయి, అక్షరాలు విప్పి దేని అరలో దాన్ని వేశాక అంతా మామూలయ్యేది. అందుకే దశదినకర్మ కార్డు వస్తే మిగతా పనులన్నీ అయ్యాక పేర్చి, వెంటనే కొట్టి, సిరా ఆరకముందే విప్పేవాళ్లు. గల్లీ వాళ్లు ప్రెస్సును కోరింది ఆ ఒక్కటే.

ఇంకొకటి ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. పేర్చిన మాటను అచ్చు కొట్టకుండా విప్పకూడదు. ఒకసారి ఒకాయన సోడా సీసాలకు లేబుళ్లు కావాలని చెప్పి మళ్లీ మొహం చూపలేదు. రామలింగయ్య విసుగుపుట్టి విప్పించేశాడు. అప్పటి నుంచి ఆ గల్లీలో గోళీసోడా కొట్టదు. బండివాడు బొటనవేలు వాచేలా నొక్కినా గోళీ దిగదు. సోడా తాగాలంటే రోడ్డు మీదికి నడవాలి.

మొగులయ్య ముప్పై ఏళ్లు వచ్చేదాకా బస్తాలు మోశాడు. ధూల్‌పేటలో రాత్రి బడి పెడితే, పగలంతా మోసి, సాయంత్రం స్నానం చేసి, పిల్లల పలక పట్టుకుని వెళ్లి తెలుగు అక్షరాలు దిద్దుకున్నాడు. నవ్విన వాళ్లతో మాట్లాడటం మానేశాడు. ప్రెస్సులో పని దొరికాక ఇంగ్లీషు అక్షరాలు కూడా పట్టుకున్నాడు. అయితే అవి బడిలో నేర్చినవి కావు, చెక్క అరల్లోంచి నేర్చినవి. ఏ అక్షరం ఏ అరలో ఉంటుందో ఆయన వేళ్లకు తెలుసు. అవన్నీ కలిసి ఏం చెబుతాయో మాత్రం తెలియదు.

ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. గల్లీలో వాళ్లు మందు సీసాలు, ఆఫీసు కాగితాలు తెచ్చి చూపిస్తే వెలుతురుకు ఎత్తి పట్టుకుని, పెదాలు కదిపి, పెద్ద సంగతేం లేదని చెప్పి పంపేవాడు. చాలాసార్లు నిజంగానే పెద్ద సంగతేమీ ఉండేది కాదు.

డెబ్బై ఒకటిలో, శ్రావణమాసంలో, సంతోష్‌నగర్ నుంచి పరబ్రహ్మం అనే ఆయన ప్రెస్సుకు వచ్చాడు. తెనాలి వైపు మనిషి. పగలు సర్కారు ఆఫీసులో గుమాస్తా, సాయంత్రం పిల్లలకు ట్యూషన్లు. పిల్లలకు పంచడానికి ఒక చిన్న పుస్తకం వేయించాలనుకున్నాడు. అన్నీ ఆరేసి అక్షరాల ఇంగ్లీషు మాటలు. ప్రతి మాటలోనూ ఇ, ఏ, ఆర్ వరసగా ఉంటాయి. అలా జట్టు కట్టి నేర్పితే పిల్లలకు గుర్తుంటాయని ఆయన నమ్మకం. మొదటి పేజీకి పన్నెండు మాటలు రాసిన కాగితం ఇచ్చాడు. ఎదుట రావలసిన తెలుగు అర్థాలు ఇంకా సరిచూసుకోవాలట. తెనాలిలో పెళ్లికి వెళుతున్నాడు, గురువారం తిరిగొచ్చి ఇస్తానన్నాడు. ఈలోపు ఇంగ్లీషు వరస పేర్చి ఉంచమన్నాడు.

రామలింగయ్యది పాత కాలపు ఉర్దూ చదువు. ఆయన కాగితాన్ని తిరగేసి చూసి మొగులయ్య చేతికిచ్చాడు. ఏమన్నా చెడ్డ మాటలున్నాయా అని అడిగాడు. మొగులయ్య కాగితాన్ని వెలుతురుకు ఎత్తి, పెదాలు కదిపి, పెద్ద సంగతేం లేదన్నాడు.

ఆ వారం మొగులయ్య మనసు ఇంటి దగ్గరే ఉంది. కూతురు రాజమణి కాన్పుకు వచ్చింది. నిరుడు పుట్టిన పిల్ల మూడో రోజే పోయింది. ఈసారి నొప్పులు ఎప్పుడైనా రావచ్చని, కాస్త తేడాగా అనిపించినా పెద్దాసుపత్రికి తీసుకుపోవాలని మంత్రసాని ఆగమ్మ ముందే చెప్పి పెట్టింది. అల్లుడు నిజామాబాద్ బస్సు డిపోలో మెకానిక్. సెలవు దొరకలేదు. భార్య చంద్రమ్మ రిక్షా గుండయ్యతో మాట్లాడి ఉంచింది, ఎప్పుడు పిలిస్తే అప్పుడు రావాలని.

సోమవారం పొద్దున మొగులయ్య మొదటి మాట పేర్చాడు. గల్లీలో ఆరిపోయిన పొయ్యిలన్నీ మళ్లీ అంటుకున్నాయి. ఆడవాళ్లు ఎసరు పెట్టుకున్నారు. రెండో మాటకు, పొద్దున్నే గీసుకున్న మగవాళ్లందరికీ గడ్డాలు వచ్చాయి. సీమోను గడ్డం నిమురుకుంటూ, ఆదివారం చర్చిలో తనను చూసి ఏసే వచ్చాడనుకుని పాస్టరే లేచి నిలబడతాడని నవ్వాడు. మూడో మాటకు చంద్రమ్మ చాటలో బియ్యంతో పాటు ముత్యాలు దొర్లాయి. ఎట్లాగూ పోయేవే కదా అని ఆమె వాటిని పక్కకు ఊడ్చింది. తర్వాతి మాటకు అందరూ ఏదో పోయినట్టు మంచాలు ఎత్తి, సందూకలు తెరిచి వెతకసాగారు. ఇంకో మాటకు యాకుత్‌పురా స్టేషన్‌లో కూసే రైలు పెరట్లో కూసినట్టు దగ్గరగా వినిపించింది. మూడేళ్ల కింద తప్పిపోయిన ఆగయ్య మేక వచ్చి గుంజ పక్కన నిలబడింది. కాసేపటికి, గోడలకు చెవి పెడితే లోపల గుండె కొట్టుకుంటున్న చప్పుడు.

కొన్ని మాటలు పేర్చగానే వచ్చేవి, కొన్ని గంటలు గడిచాక వచ్చేవి. ఏ మాటకు ఏది వచ్చిందో మొగులయ్య చూసుకోలేదు. పని మీద ఉన్నప్పుడు ఆయన తల ఎత్తడు. మధ్యాహ్నం మూడింటికి పన్నెండో మాట పేర్చి, వరసను దారంతో బిగించి, రేకు పళ్లెంలోకి దించాడు.

అప్పుడు రోడ్డు వైపు నుంచి నల్లటి బండి వచ్చింది.

మోటారు బండే కానీ చప్పుడు లేదు. పొడుగ్గా ఉంది. రెండు పక్కలా అద్దాలు, అద్దాల వెనక తెల్లటి గుడ్డ పరిచిన బల్ల. బల్ల ఖాళీగా ఉంది. నడిపేవాడు లేడు. గల్లీలో రిక్షా ఒకటే కష్టంగా పడుతుంది. అయినా ఆ బండి గోడలకు రాసుకోకుండా, గోడకూ దానికీ మధ్య చెయ్యి కూడా దూరకుండా, ప్రెస్సు దాటి నెమ్మదిగా లోపలికి పోయింది. వాకిళ్లలో ఉన్న వాళ్లు లేచి లోపలికెళ్లి తలుపులు మూసుకున్నారు. కాశమ్మ ఇంట్లో మామ నాలుగు నెలలుగా మంచం మీద ఉన్నాడు. బండి అక్కడ ఆగుతుందనుకుని కాశమ్మ ఏడుపు మొదలుపెట్టబోయింది. ఆగలేదు. గల్లీ చివరిదాకా పోయి, మొగులయ్య గడప ముందు ఆగింది.

అదే గడియలో రాజమణికి నొప్పులు మొదలయ్యాయి.

ఆగమ్మ వెనక గోడ దూకి లోపలికి వచ్చింది. గంటసేపు చూసింది. బిడ్డ అడ్డం తిరిగిందని, తన చేతిలో లేదని, ఆసుపత్రికి పోవాల్సిందేనని చంద్రమ్మకు చెప్పింది. గుండయ్య రిక్షా తెచ్చాడు కానీ గల్లీ నడుమనే ఆగిపోయాడు. బండి గోడ నుంచి గోడకు నిండి ఉంది. వెనక గోడ మీదుగా నొప్పులు పడుతున్న మనిషిని ఎత్తి దించలేరు. నలుగురు బండిని నెట్టి చూశారు. దాని రేకు మంచు ముట్టుకున్నట్టుందని చేతులు వెనక్కి తీసుకున్నారు.

చంద్రమ్మ వెనక గోడ దిగి, చుట్టూ తిరిగి, రోడ్డు మీద నుంచి ప్రెస్సుకు పరుగున వచ్చింది. తలకు కొంగు కూడా లేదు.

"ఏ మాట పెట్టినవయ్యా? తీసెయ్."

మొగులయ్య పళ్లెం ముందు నిలబడ్డాడు. పన్నెండు వరసలు. అన్నిట్లో ఆరేసి అక్షరాలు, అన్నిట్లో ఆ మూడు అక్షరాలే. అన్నీ ఒక తల్లి పిల్లల్లా ఉన్నాయి.

అచ్చు కొట్టి విప్పేస్తే బండి పోతుంది కదా అన్నాడు రామలింగయ్య. మొగులయ్య తల అడ్డంగా ఊపాడు. పెళ్లి పత్రిక అచ్చయితే పెళ్లి అవుతుంది. కర్మ కార్డు అచ్చయితే కర్మ అవుతుంది. అచ్చయిన మాట తన పని చేసుకునే పోతుంది. ఆ బల్ల మీద ఎవరు పడుకుంటారో రామలింగయ్యకు అర్థమైంది.

"నీకు ఇంగ్లీషొచ్చు కదయ్యా. చదువు. ఏదో చూసి తియ్" అంది చంద్రమ్మ.

మొగులయ్య అక్షరాలు పట్టే చిమ్టా తీసుకున్నాడు. ఒక వరసలోని ఆరు అక్షరాలనూ కలిపి పైకెత్తి అరచేతిలో పట్టుకున్నాడు. అరల్లో వేయనంతవరకు మాట పూర్తిగా పోదు. ఏమవుతుందో చూసి మళ్లీ పెట్టేయవచ్చు. సీమోను గుమ్మంలో నిలబడి గల్లీలోకి చూశాడు. పొయ్యిలు ఆరిపోయాయని, ఆగమ్మ కాచుకుంటున్న నీళ్లు చల్లబడ్డాయని లోపలి ఇళ్ల నుంచి అరిచి చెప్పారు. మొగులయ్య ఆ మాటను తిరిగి పెట్టాడు. ఇంకోటి తీశాడు. సీమోను గడ్డం పోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. దాన్నీ పెట్టేశాడు.

మూడోసారి ఆయన చెయ్యి పళ్లెం మీద చాలాసేపు ఆడింది. ఒక మాట ఎంచుకుని ఎత్తాడు.

గోడల్లో చప్పుడు ఆగిపోయింది. చంద్రమ్మ రొమ్ము పట్టుకుని గుమ్మం మీద కూలబడింది. రామలింగయ్య కుర్చీలోనే ముందుకు ఒరిగాడు. మొగులయ్యకు తన లోపల ఏదీ కదలడం లేదని తెలిసింది. వేళ్లు మొద్దుబారుతున్నా ఆ ఆరు అక్షరాలనూ తిరిగి వరసలో పడేశాడు. గోడలు మళ్లీ కొట్టుకున్నాయి. గల్లీ అంతా ఒక్కసారి ఊపిరి పీల్చిన శబ్దం వినిపించింది.

గల్లీ చివరి నుంచి ఆగమ్మ చెప్పింది నోళ్లు మారి మారి ప్రెస్సు దాకా వచ్చింది. బిడ్డ గుండె ఆగి మళ్లీ మొదలైందట. ఇంకోసారి ఆగితే తనకు పూచీ లేదట.

మొగులయ్య చిమ్టా కింద పెట్టేశాడు. తీసి చూడాల్సిన మాటలు ఇంకా తొమ్మిది ఉన్నాయి. వాటిలో ఏది దేన్ని పట్టుకుని ఉందో.

"ఎందుకాగినవ్?" అంది చంద్రమ్మ.

ఆయన పళ్లెం ఎత్తి రెండు చేతుల మీద పెట్టుకున్నాడు. పన్నెండు మాటల సీసం. ఎదురింటి మెట్ల మీదుగా పైకి నడిచాడు. ఆ మేడ మీద ఆదిశేషయ్య కాపురం. గుంటూరు జిల్లా నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసు మనిషి. ఆయన ఇంకా ఆఫీసు నుంచి రాలేదు. భార్య రాధ తలుపు సందులోంచి బండిని చూస్తూ నిలబడి ఉంది. మెట్ల కింద చంద్రమ్మ, సీమోను, గుండయ్య, ఇంకా పదిమంది చేరారు. వాళ్లందరూ వింటున్నారని మొగులయ్యకు తెలుసు. గొంతు తగ్గించుకుందామా అనుకున్నాడు, తగ్గించలేదు.

"రాధమ్మా, నాకు ఇంగ్లీషు రాదు. అక్షరాలే ఎరుక. ఇందుల ఆ బండి మాట ఏదో చెప్పు."

రాధ పళ్లేన్ని గుమ్మం ముందు కింద పెట్టించింది.

"నాకు తెలుసండీ బాబాయిగారూ. మొన్న కాశమ్మగారికి మందు మూడు చెంచాలని చెప్పారు. సీసా మీద ఒకటే ఉంది. నేను వెళ్లి చెప్పొచ్చాను."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెబితే మీరు వినేవారా?"

మొగులయ్య తల వంచుకున్నాడు. రాధ లోపలికి వెళ్లి అట్ట ఊడిన నిఘంటువు తెచ్చింది. సీసపు అక్షరాలు అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. ఆమె వాటిని తడుముకుంటూ ఒక్కొక్కటే చదివి అర్థం చెప్పింది. హార్త్ అంటే పొయ్యి. బియర్డ్స్ అంటే గడ్డాలు. పెరల్స్ అంటే ముత్యాలు. సర్చ్ అంటే వెతకడం. నియర్‌బై అంటే దగ్గరలో. అపియర్ అంటే కనబడడం. ఇయర్లీ అంటే ఏడాదికోసారి. లర్న్‌ట్ అంటే నేర్చుకున్నది. డర్త్ అంటే కరువు. షియర్స్ అంటే పెద్ద కత్తెర. హార్ట్స్ అంటే గుండెలు. ఆ మాట దగ్గర ఆమె వేలు చప్పున వెనక్కి తీసుకుంది.

మిగిలిన ఒక్క వరస దగ్గర ఆగిపోయింది. పేజీలు తిప్పింది. ఒకసారి చదువుకుని, మళ్లీ చదువుకుంది.

"హర్స్. శవాన్ని తీసుకెళ్లే బండి."

మొగులయ్య ఆ ఆరు అక్షరాలనూ ఎత్తాడు. గల్లీ చివర బండి అద్దాలు పలచబడ్డాయని, అవతలి గోడ కనబడుతోందని కింద నుంచి చెప్పారు. ఆయన కదలకుండా నిలబడ్డాడు. అచ్చు కాకుండా విప్పితే ఆ గల్లీలో అది ఇక ఉండదు. గోళీసోడా పోయినట్టు పోతుంది. సోడా పోతే ఏం పోయిందో తెలిసింది. ఇది పోతే ఏం పోతుందో ఆయనకు తెలియలేదు. కింద నిలబడ్డ వాళ్లలో ఎవరికీ తెలియలేదు. సీమోను సన్నగా ప్రార్థన చేసుకుంటున్నాడు.

"ఏమయితదో మొగులన్నా" అన్నాడు గుండయ్య.

గల్లీ చివరి నుంచి రాజమణి కేక వినిపించింది.

మొగులయ్య మెట్లు దిగి ప్రెస్సులోకి నడిచి వెళ్లి, ఆరు అక్షరాలనూ ఆరుసార్లు చెయ్యి చాపి వాటి అరల్లో వేశాడు.

గుండయ్య రిక్షా ఖాళీ అయిన గల్లీలోంచి ఆసుపత్రికి పోయింది. దీపాలు పెట్టే వేళకు ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా బాగున్నారు. గురువారం పరబ్రహ్మం తెనాలి నుంచి వచ్చి అర్థాలు ఇచ్చాడు. పదకొండు మాటలే ఉన్నాయేమిటని అడిగాడు. ఆ మాట ఇక్కడ అచ్చు కాదని మొగులయ్య చెప్పాడు. ఎందుకు కాదని ఆయన వాదించాడు కానీ, ఆ మొహం చూసి వాదన మానేశాడు.

ఏం పోయిందో తెలియడానికి చాలా కాలం పట్టింది. కాశమ్మ మామ ఇవాళో రేపో అన్నట్టుండేవాడు. ఆ ఏడు పోలేదు, మరుసటి ఏడు పోలేదు. ఒళ్లంతా పుండ్లు పడి, రొట్టె మింగలేక, మూలుగుతూ ఉన్నాడు. నాలుగేళ్లయ్యాక ఆయన కొడుకు చూడలేక, ఆసుపత్రిలో చూపిద్దామని రిక్షా ఎక్కించాడు. గల్లీ దాటి రిక్షా రోడ్డు మీదికి తిరగగానే ముసలాయన తల కొడుకు భుజం మీద వాలింది. ఆయన మొహంలో అంత హాయిని ఎవరూ చూసి ఉండలేదు.

ఆ తర్వాత దాని గురించి ఎవరూ మాట్లాడలేదు. ఎవరూ పోకపోవడంతో గల్లీలో మంచాలు పెరిగాయి. ఇంట్లో పెద్దవాళ్లు అలిసిపోయినప్పుడు ధూల్‌పేటలోనో సంతోష్‌నగర్‌లోనో ఉన్న చుట్టాలింటికి పంపేవాళ్లు. ఎవరిని ఎప్పుడు పంపాలో ఇంట్లో వాళ్లే నిర్ణయించుకోవాలి. ఆ భయం బండి భయం కంటే పెద్దది. సాయంత్రం గల్లీలోకి ఖాళీ రిక్షా వస్తే, మంచాల మీద ఉన్న వాళ్లు దుప్పటి మొహం మీదికి లాక్కునేవాళ్లు. మొగులయ్యను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆయన నడిచి వస్తుంటే మాత్రం మాటలు ఆపేవాళ్లు.

ఎనభై మూడులో చంద్రమ్మ కడుపులో గడ్డ లేచింది. కోసినా లాభం లేదని డాక్టర్లు ఇంటికి పంపేశారు. రెండు నెలలన్నారు. గల్లీలో పదో నెల నడుస్తోంది. మందులు పనిచేయడం మానేశాయి. పగలంతా పళ్లు కొరుక్కుని పడుకునేది. ధూల్‌పేటలో అక్క ఉంది, అక్కడికి తీసుకుపొమ్మని అడిగింది. మొగులయ్య వినలేదు. రాజమణి వచ్చి ఏడ్చి అడిగింది. వినలేదు. పన్నెండేళ్ల మనవరాలు వచ్చి అమ్మమ్మను చూసి, బయటికెళ్లి గోడవైపు తిరిగి నిలబడింది. అప్పటికీ వినలేదు. తాను బతికుండగా ఆమె గడప దాటేది లేదని అన్నం మాని కూర్చున్నాడు.

ఒక పొద్దున ఆమె ఆయన్ని మంచం దగ్గరికి పిలిచింది.

"బిడ్డ కోసం ఆ మాట తీసినవ్. మంచిగ చేసినవ్. నేనే తీయమన్న గద. ఇగ నా కోసం నడువు."

"నాతోని కాదే."

"ఇంగ్లీషు రాదని పదిమందిల చెప్పినవ్. గంత కన్న కష్టమా గిది?"

రిక్షా వద్దన్నాడు. ఆమెను దుప్పట్లో చుట్టి, ఒకప్పుడు బస్తాలు ఎత్తినట్టు కాకుండా, రెండు చేతుల మీదా ఎత్తుకున్నాడు. బరువే లేదు. గల్లీలో తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. ఎవరూ బయటికి రాలేదు. కాశమ్మ మాత్రం గడపలో నిలబడి చేతులు జోడించింది. ఇరవై రెండు ఇళ్లు దాటడానికి ఆయనకు చాలాసేపు పట్టింది. రోడ్డు వైపు చివరి ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. ఒళ్లో చంద్రమ్మ.

"ఏంది, కూసున్నవ్?"

"మోకాలు నొస్తున్నది."

"నీకు అబద్ధం చెప్పొస్తలేదు. ఎన్నడూ రాలే."

ఎదురుగా రోడ్డు. హోటల్ ముందు మనుషులు సాసర్లలో చాయ్ పోసుకుని తాగుతున్నారు. అఫ్జల్‌గంజ్ బస్సు పోయింది, ఇంకోటి వచ్చింది. ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. రాజమణి చిన్నప్పుడు ఇదే అరుగు మీద నుంచి పడి పన్ను విరగ్గొట్టుకుందని ఆమె గుర్తుచేసింది. ఏ పన్నో ఆయనకు గుర్తులేదు. పై పన్ను అంది.

ఎండ అరుగు మీదికి వచ్చింది. ఆయన లేచాడు. గల్లీ రాళ్లు అయిపోయి రోడ్డు తారు మొదలయ్యే చోట ఆయన కాళ్లు మళ్లీ ఆగాయి. ఆమె చెయ్యి దుప్పట్లోంచి వచ్చి ఆయన మెడ చుట్టూ పడింది.

"కుడికాలు ముందు పెట్టు" అంది.

మొగులయ్య కుడికాలు ముందు పెట్టాడు.